కోతి కణంలో పనిచేసిన మాత్ర.. మనిషి ఊపిరితిత్తుల్లో ఎందుకు ఫెయిలైంది?

గుంటూరు: 2020 ఏప్రిల్ గుర్తుందా? లాక్‌డౌన్‌తో మిర్చి యార్డు మూతపడింది. నరసరావుపేట రెడ్ జోన్‌లో ఉంది. అందరి నోటా ఒకటే పేరు.. హైడ్రాక్సీక్లోరోక్విన్. ఈ మలేరియా మాత్రను ముందుజాగ్రత్తగా వేసుకోమని ఆరోగ్య సిబ్బందికి ఐసీఎంఆర్ మార్చిలోనే సూచించింది. జూన్‌కల్లా సీన్ మారింది. ఆస్పత్రిలో చేరిన కొవిడ్ రోగులకు దీనివల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చేసింది.

ల్యాబ్‌లో వైరస్‌ను ఆపిన మందు మనిషిలో ఎందుకు ఆపలేదు? చిక్కంతా పరీక్షకు వాడిన కణంలోనే ఉంది.

మొదటి పరీక్షలు జరిగింది వెరో కణాల్లో. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అనే కోతి కిడ్నీ నుంచి తీసిన కణాలివి. పనికిరానివేం కావు, మన కొవాగ్జిన్ టీకా కోసం వైరస్‌ను పెంచింది కూడా వీటిలోనే. అయితే మన శ్వాసనాళ కణాలపై టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది. దాని సాయంతో కరోనా పైపొర నుంచే నేరుగా లోపలికి దూరుతుంది. వెరో కణాల్లో అది లేక చుట్టుదారిలో వెళ్తుంది. మాత్ర అడ్డుకున్నది ఆ చుట్టుదారినే! మనిషి ఊపిరితిత్తుల కణాల్లో జర్మనీ బృందం, ల్యాబ్‌లో పెంచిన మనిషి శ్వాసనాళ పొరపై ఫ్రాన్స్ బృందం పరీక్షిస్తే మందు పనిచేయలేదు. రెండూ 2020 జులైలో నేచర్ జర్నల్‌లో వచ్చాయి.

ఆ శ్వాసనాళ పొరనే త్రీడీ కల్చర్ అంటున్నారు. ముక్కులోంచి బ్రష్‌తో తీసిన కణాలను సన్నని రంధ్రాలున్న పొరపై పెంచుతారు. కింద పోషక ద్రవం, పైన గాలి. మూడు నాలుగు వారాలకు కణాలు పొరలు కడతాయి, సన్నని నూగు కదులుతుంది, చీమిడి కూడా ఊరుతుంది. అంటే గిన్నెలో చిన్నపాటి శ్వాసనాళం అన్నమాట. హెచ్‌కేయూ1 అనే జలుబు కరోనావైరస్ మామూలు కణాల్లో పెరగక ఏళ్లపాటు సతాయించింది. చివరికి 2010లో లొంగింది ఇలాంటి పొరపైనే.

లోపాలూ ఉన్నాయి. ఇందులో రక్తనాళాలు ఉండవు, రోగనిరోధక కణాలను విడిగా కలపాలి. ఖర్చు, సమయం రెండూ ఎక్కువే. కాబట్టి రోగులపై జరిగే ట్రయల్‌కు ఇది బదులు కాదు.

మన దగ్గర సంగతేంటి? 2020 మేలోనే హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు సంస్థ ఐస్టెమ్‌తో కలిసి మనిషి ఊపిరితిత్తుల కణాల్లో కరోనాను పెంచే పని మొదలుపెట్టింది. మందుల పరీక్షల్లో ఇలాంటి పద్ధతులు వాడేందుకు 2023 మార్చిలో కేంద్రం నిబంధనలు సవరించింది.

అసలు ప్రశ్న ఇక్కడే. ఎవరి కణాలతో పెంచుతున్నారు? యార్డులో టిక్కీలు మోసే హమాలీలు, తొడిమలు తీసే ఆడకూలీలు రోజంతా మిర్చి ఘాటులోనే ఉంటారు. పత్తి దుమ్ముతో బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని ఎప్పటినుంచో తెలుసు. అలాంటి శ్వాసనాళంలో ఫ్లూ వైరస్ ఆరోగ్యవంతుడిలో పెరిగినట్టే పెరుగుతుందా, మందు అలాగే పనిచేస్తుందా? దాత కణాలతో పెంచే త్రీడీ కల్చర్‌లో ఇది నేరుగా చూడొచ్చు. కావాల్సింది కూలీల అనుమతి, ముక్కులోంచి ఒక బ్రష్ శాంపిల్. తీయడానికి గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ యార్డుకు దగ్గర్లోనే ఉన్నాయి.