వెనకవారి కోసం ఒక దీపం

అత్తిబెలె దాటితే తమిళనాడు. హోసూరు ఫ్యాక్టరీలకు సరుకు మోసే లారీలు, బెంగళూరు కొలువులకు పరుగెత్తే కార్లు, చుట్టుపక్కల తెలుగు పల్లెల నుంచి వచ్చే బైకులు అన్నీ ఇక్కడ 44వ నంబరు జాతీయ రహదారిమీదే సాగాలి. అలాంటి దారిలో రాత్రివేళ పాత కారొకటి మొరాయించి ఆగిపోతే, ముప్పు అందులో ఉన్నవారితో పాటు వెనక వచ్చేవారికీ పొంచి ఉంటుంది. ముందు బండి ఆగి ఉందని వారికి దూరం నుంచే తెలియాలి. ఆ సంగతి చెప్పే మినుకు దీపాన్ని మనమే చేసుకోవచ్చు.

అందుకు 555 టైమర్ చిప్ చాలు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో సిగ్నెటిక్స్ సంస్థ కోసం రూపొందించిన ఈ ఎనిమిది కాళ్ల చిప్ బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది. 10, 47 కిలోఓముల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ జతచేస్తే నిమిషానికి ఎనభైసార్లకు పైగా మినుకుతుంది. కెపాసిటర్ సరఫరా వోల్టేజిలో మూడింట రెండొంతులకు నిండగానే చిప్ దాన్ని ఖాళీ చేయిస్తుంది, ఒక వంతుకు దిగగానే మళ్లీ నిండనిస్తుంది. అంతా వంతుల లెక్క కాబట్టి ఇంజను నడిచేటప్పుడు 14 వోల్టులున్నా, ఆగాక 12కు తగ్గినా లయ తప్పదు.

అయితే బల్లమీద ఎల్‌ఈడీని వెలిగించిన సర్క్యూట్‌ను ఉన్నదున్నట్టు కారుకు తగిలిస్తే కుదరదు. చిప్ ఇవ్వగలిగేది 200 మిల్లీ ఆంపియర్లు. కారు 21 వాట్ల బల్బుకు కావలసింది 1.75 ఆంపియర్లు. ఆ బరువు మోయడానికి రిలే ఉండాలి. రిలే ఆగిన ప్రతిసారీ కాయిల్‌లో ఎగసే వోల్టేజి చిప్‌ను దెబ్బతీయకుండా కాయిల్‌కు అడ్డంగా డయోడ్ వేయాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాలి. పెద్ద లారీల్లో ఉండేది 24 వోల్టులు, చిప్ తట్టుకునేది 16. కారు దీపాన్ని లారీకి తగిలించకూడదు.

ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో పిల్లలు నేర్చుకునే తొలి సర్క్యూట్లలో ఇదొకటి. మార్కులు పడ్డాక విప్పేయకుండా ఫ్యూజు, డయోడ్, గట్టి డబ్బా చేర్చి పూర్తిచేయించే మాస్టార్లు మనకు కావాలి. వాన, వేడి, కుదుపు తట్టుకునేలా చేసినప్పుడే చేతికి పనితనం అబ్బుతుంది. ఆ దీపాన్ని, దానితో పాటు మెరిసే ఎర్ర త్రికోణాన్ని ప్రతి కారు డిక్కీలోనూ ఉంచుకుందాం. ముక్కూమొహం తెలియని డ్రైవరుకు సకాలంలో బ్రేకు వేసే వ్యవధి ఇవ్వడం రోడ్డెక్కిన ప్రతి ఒక్కరి బాధ్యత.