ఆ సున్నా కూడా చెరిపేశారు

2022 జనవరి 20 రాత్రి నవీ ముంబై స్టేడియంలో మన ఆడపిల్లలు ఇరాన్ ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడారు. ఆసియా కప్‌లో మొదటి మ్యాచ్. తొంభై నిముషాలూ ఆడారు. ఎవరికీ గోలు పడలేదు. సున్నా - సున్నా. ఆసియా కప్ చివరి అంచెలో భారత మహిళల జట్టు 2003 తర్వాత ఆడిన మొదటి మ్యాచ్ అది. ఈ పోటీలోంచే 2023 ప్రపంచ కప్‌కి దారి. పైగా ఆతిథ్యం మనదే.

మూడు రోజుల తర్వాత చైనీస్ తైపీతో ఆడాలి. ఈలోగా జట్టులో కోవిడ్ పాకింది. మైదానంలోకి దిగాలంటే కనీసం పదమూడుమంది ఉండాలన్నది నియమం. పదమూడుమంది లేరు. మ్యాచ్ జరగలేదు. భారత్ మొత్తం టోర్నీ నుంచి తప్పుకున్నట్టుగా లెక్కవేశారు. అక్కడితో ఊరుకోలేదు. అప్పటికే ఆడేసిన ఇరాన్ మ్యాచ్‌ని కూడా రద్దు చేసి పట్టికలోంచి తీసేశారు. మనవాళ్ళు గెలవలేదు, ఓడలేదు, డ్రా కూడా చేసుకోలేదు. అసలు ఆడనే లేదు! చెమటోడ్చి సంపాదించిన ఆ సున్నా కూడా మిగల్లేదు వాళ్ళకి.

వైరస్‌కి జెండర్ లేదు, ఒప్పుకుంటాను. నియమం అన్ని జట్లకీ ఒకటే, అదీ ఒప్పుకుంటాను. కానీ 2021 సెప్టెంబరులో మాంచెస్టర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. మగవాళ్ళ క్రికెట్ జట్టు శిబిరంలో కోవిడ్ కనిపించిందని ఐదో టెస్టు ఆగిపోయింది. ఆ టెస్టుని ఎవరూ చెరిపెయ్యలేదు. దాదాపు పది నెలలు భద్రంగా దాచి, 2022 జూలైలో బర్మింగ్‌హాంలో మళ్ళీ ఆడించారు. పన్నెండు జట్ల టోర్నీకీ రెండు దేశాల సీరీస్‌కీ పోలికేమిటని నన్నెవరైనా అడగొచ్చు. సరే, పోలిక లేదు. మరి గొడవలో కూడా పోలిక ఎందుకు లేదు? ఆతిథ్య దేశపు జట్టుని దాని ఇంట్లోంచే బయటికి పంపిస్తే ఎన్ని సంపాదకీయాలు వచ్చాయి? ఎన్ని టీవీ చర్చలు జరిగాయి? నాకైతే ఒక్కటీ కనబడలేదు. ఎక్కువ డబ్బున్న ఆట ఆగితే మళ్ళీ జరుగుతుంది. తక్కువ డబ్బున్న ఆట ఆగితే ఆగిపోయినట్టే.

ఆ రాత్రి ఇరాన్ గోల్ ముందు నిలబడింది జోహ్రె కుదాయి. అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, ఆమె నిజంగా ఆడదేనా, విచారించండి అని జోర్డాన్ ఫుట్‌బాల్ సంఘం ఆసియా సమాఖ్యకి లేఖ రాసింది. క్వాలిఫయర్‌లో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది జోర్డాన్! బాగా ఆడితే ఆడదానివేనా అని అడుగుతారు, ఆడకపోతే ఆడదానివి కదా అంటారు. మన పక్క రాష్ట్రపు పరుగు పందెగత్తె శాంతి సౌందరరాజన్‌కి 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన వెండి పతకాన్ని ఇలాంటి పరీక్షే తీసేసుకుంది. ఆమె తర్వాత ఇటుక బట్టీలో కూలికి పోయింది. ఆ రాత్రి పట్టికలోంచి పోయినవాటిలో కుదాయి ఆట కూడా ఉంది. ఆ సంగతి మనం తలుచుకోలేదు కూడా.

చెరిపెయ్యడం కొత్తేమీ కాదు. భారత మహిళల ఫుట్‌బాల్ ఒకప్పుడు ఆసియాలో రెండో స్థానంలో ఉండేదంటే ఎంతమంది నమ్ముతారు? 1979 ఆసియా పోటీలు కాలికట్‌లో జరిగాయి. మనం రెండు జట్లని దింపాం, వాటిలో ఒకటి ఫైనల్ దాకా వెళ్ళి చైనీస్ తైపీ చేతిలో ఓడింది. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళా ఫుట్‌బాలర్ ఆమె. అప్పట్లో ఈ ఆటని నడిపింది దేశపు పెద్ద ఫుట్‌బాల్ సమాఖ్య కాదు. 1975లో పుట్టిన మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య వేరే ఉండేది. 'ఆడవాళ్ళ ఆట ఆడవాళ్ళు చూసుకుంటారు' అన్నట్టు వదిలేసిన రోజుల్లో రెండుసార్లు ఫైనల్. తొంభైల మొదట్లో పెద్ద సమాఖ్య తన చేతిలోకి తీసుకుంది. 2009 నాటికి మ్యాచ్‌లే లేక ఫిఫా ర్యాంకుల జాబితాలోంచి పేరే పోయింది. లీగ్ అనేది మొదలయ్యేసరికి 2017 వచ్చింది. విలీనం అనే మాట వినగానే ఆడవాళ్ళం కాస్త ఉలిక్కిపడటం మంచిదని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది!

ఇదంతా మార్కాపురంలో కూచున్న ఒక తెలుగు లెక్చరర్‌కి ఎందుకు పట్టింది? పట్టడానికి కారణం ఉంది. నేనూ ఒక ఆటని చెరిపేశాను.

మాది పలకల ఊరు. దేశమంతా బడిపిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్ని కోసి, అరగదీసి, చట్రాలు బిగించిన ఊరు. ఆ పని చేసిన పిల్లలు బడికి పోలేదన్నది పాత కథే. పడమటి ప్రకాశం అంతా కలిపి చూస్తే, గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా, మాకు ముందు గుర్తొచ్చేది నీళ్ళు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలు ఇవాళ పిల్లల తల్లులు. కంభం చెరువుని వరదరాజమ్మ కట్టించిందని మా వైపు గర్వంగా చెప్పుకుంటారు. చెరువు కట్టించిందీ ఆడదే, అయిదొందల ఏళ్ళుగా బిందెలు మోస్తున్నదీ ఆడదే.

2016లో మా డిగ్రీ కాలేజీలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. తల్లి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. పీడీ సారు ఎక్కణ్ణుంచో ఒక ఫుట్‌బాల్ తెస్తే, మగపిల్లలు క్రికెట్ వదిలి రాలేదు. ఈ పిల్ల వచ్చింది. చెప్పులు విడిచి, చున్నీ నడుముకి చుట్టుకుని ఆడేది. తన వెనకాల ఇంకో ఎనిమిది మంది వచ్చారు. ఒంగోలులో సెలక్షన్స్ ఉన్నాయి, సాయంత్రం ఆరున్నర దాకా ప్రాక్టీసు చేయిస్తాను, అనుమతి కావాలి అన్నాడు పీడీ సారు. ఆ కాగితం నా దగ్గరకొచ్చింది. ఎందుకంటే నేను కాలేజీ మహిళా సాధికారత విభాగం కన్వీనర్ని!

నేను అనుమతి ఇవ్వలేదు. గోడ లేదు, లైట్లు లేవు, ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిది అన్నాను. అంతటితో ఆగలేదు. 'విద్యార్థినుల భద్రతను దృష్టిలో ఉంచుకుని, సాయంత్రం అయిదు గంటల తర్వాత వారు కళాశాల ప్రాంగణంలో ఉండరాదు' అని ఒక సర్క్యులర్ రాసి ప్రిన్సిపాల్ చేత సంతకం పెట్టించాను. భాష నాదే. తెలుగు లెక్చరర్ని కదా, వాక్యం బాగా కుదిరింది. గోడ కట్టించమని అడగొచ్చని, రెండు లైట్లు పెట్టించమని అడగొచ్చని ఆరోజు నాకు తోచలేదు.

ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చి, "మేడం, మా తమ్ముడు ఏడింటిదాకా ఈ గ్రౌండ్లోనే ఆడతాడు. వాడికి లేని భయం నాకెందుకు?" అంది. సమాజం గురించి ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, ఆ పిల్ల చూసిన చూపు గుర్తుంది. వాళ్ళమ్మని పిలిపించాను, నచ్చజెప్పమని. ఆమె నాకంటే సూటిగా మాట్లాడింది. "ఆట తప్పని నేననలేదమ్మా. టాంకరొచ్చే యేళకి ఇంట్లో మనిషుండాల. నాకు ఫ్యాక్టరీ వొదిలేసరికి పొద్దు గూకుద్ది. ఇది నీళ్ళు పట్టకపోతే రేపు అన్నం ఎట్ట?" అంది. మగపిల్లవాడు పట్టొచ్చు కదా అని నేను అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఇరవై లీటర్ల క్యాన్ అంటే ఇరవై కేజీలు. ఫుట్‌బాల్ బరువు అర కేజీకి లోపే.

1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ళ శరీరానికి ఈ ఆట పడదని చెప్పి తన మైదానాలన్నీ వాళ్ళకి మూసేసింది. అంతకు ఏడాది ముందే, 1920 డిసెంబరులో, లివర్‌పూల్‌లో ఆడవాళ్ళ మ్యాచ్‌కి యాభై వేలమందికి పైగా వచ్చారు. ఆ జట్టు ఒక ఫ్యాక్టరీ పనివాళ్ళది. యుద్ధకాలంలో ఆయుధాలు మోసినప్పుడు పడిన శరీరానికి బంతి పడదన్నారు. యాభై ఏళ్ళపాటు ఆ నిషేధం నడిచింది. అక్కడ సంఘం చేసిన పని ఇక్కడ నేను ఒక్క సర్క్యులర్‌తో చేశాను.

ఈ మాట ఒక రచయిత్రుల సమావేశంలో అన్నాను. నేను గౌరవించే ఒక అక్క నవ్వి, "ఇన్ని హింసలుండగా ఇప్పుడు ఫుట్‌బాల్ గురించి రాస్తావా?" అంది. ఈ వ్యాసం ఆ అక్కకి నా జవాబు.

మనం శరీరం గురించి చాలా రాశాం. ప్రసవం, గర్భస్రావం, అత్యాచారం, వంటింట్లో అరిగిపోయిన ఎముకలు... రాయాల్సిందే, ఇంకా రాయాలి. కానీ మన రాతల్లో ఎక్కువగా స్త్రీ శరీరం బాధపడుతుంది, మోస్తుంది, భరిస్తుంది, తిరగబడుతుంది. పరిగెత్తదు. ఊరికే, ఎవరికోసమూ కాకుండా, రొప్పుతూ పరిగెత్తే శరీరం మన రాతల్లో ఎక్కడుంది? 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, పోరాటంలో ఉండి కూడా పుస్తకాల్లో లేని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచుని విన్నారు. ఆ పని ఆటల్లోని ఆడవాళ్ళ కోసం మనలో ఎవరం చేశాం? కాలికట్‌లో ఫైనల్ ఆడినవాళ్ళు ఇప్పుడు అరవైలు దాటినవాళ్ళు.

ఇంకో సంగతి. జట్టు జాబితా చదవండి: మణిపూర్, ఒడిషా, జార్ఖండ్, హర్యానా పల్లెలు, తమిళనాడు పల్లెలు. ఆదివాసీ పిల్లలు, రైతుకూలీల పిల్లలు. మన ఇళ్ళ ఆడపిల్లలు గ్రౌండ్‌కి వెళ్ళరు, ఇంజనీరింగ్‌కి వెళ్తారు. అందుకే గ్రౌండ్ స్త్రీవాద సమస్యగా మనకు కనబడలేదేమో. హింస గురించి మాట్లాడేటప్పుడు కూడా, సాయంత్రం అయ్యేసరికి ఆడపిల్లని లోపలికి తోసే ఏర్పాటు హింసలో భాగమేనని నాలాంటివాళ్ళం ఒప్పుకోలేదు. మనమే గేటు దగ్గర కాపలా కాశాం.

2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో మనవాళ్ళు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్ కొట్టింది. అంతకు ముందు మంగోలియాపై 13-0, తిమోర్ లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0. క్వాలిఫయర్లు ఆడి ఆసియా కప్‌లో, అంటే 2026 ఆస్ట్రేలియా పోటీల్లో, చోటు గెలుచుకోవడం మన జట్టుకి అదే మొదటిసారి. మర్నాడు పొద్దున మా ఇంటికొచ్చే పేపరు తెరిచాను. ముందురోజు బర్మింగ్‌హాంలో శుభ్‌మన్ గిల్ 161 కొట్టాడు. కొట్టాడు, బాగానే కొట్టాడు. అర పేజీ అతనే. సంగీత కింద మూలన నాలుగు వాక్యాల పెట్టెలో ఉంది.

ఆ జట్టులో మన సౌమ్య గుగులోత్ ఉంది. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. 2024-25కి దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. ఆమె గురించి ఎప్పుడు రాసినా 'తండా నుంచి యూరప్ దాకా' అంటారు. అది చదివి మనం కళ్ళు తుడుచుకుంటాం. మా నల్లమల అంచున ఎన్ని తండాలున్నాయి, ఎన్ని చెంచు గూడేలున్నాయి! ఏ తండాలో ఆడపిల్లలకి గోల్‌పోస్టులున్నాయని ఆ వ్యాసాలు అడగవు. ఆమె ఎడమ పక్క ఎట్లా పరుగు తీస్తుంది, ఎప్పుడు లోపలికి కోసుకొస్తుంది అని కూడా రాయవు. పేదరికం రాస్తారు, ఆట రాయరు. మా పక్క కడప జిల్లా శ్రీచరణి 2025 నవంబరులో క్రికెట్ ప్రపంచ కప్ గెలిచి వస్తే, రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్ 1 ఉద్యోగం ప్రకటించింది. ఆ పిల్లకి ఇంకా ఇవ్వాలి, నేను వద్దనను. కానీ గెలిచాక ఇచ్చే కోట్లతో గెలవకముందు ఎన్ని గ్రౌండ్లకి లైట్లు పెట్టొచ్చు? గెలవని పిల్లలకి, ఎప్పటికీ గెలవబోని పిల్లలకి ఆడుకునే హక్కు లేదా? మగపిల్లల్ని ఎవరూ ఈ ప్రశ్న అడగరు. మా ఊళ్ళో సాయంత్రం క్రికెట్ ఆడే రెండొందల మందిలో ఒక్కడూ దేశానికి ఆడడు. అయినా గ్రౌండ్ వాళ్ళదే.

ఆ అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఒక షాపులో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తోంది. థాయ్‌లాండ్ మ్యాచ్ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత నాకు ఫోన్లో మెసేజ్ పెట్టింది. "మేడం, చూశారా?" అంతే. చూశానని రాశాను. సర్క్యులర్ గురించి రాద్దామని మొదలుపెట్టి, తుడిపేశాను.

పోయిన నెల ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ ఇచ్చాను. వారంలో మూడు సాయంత్రాలు అయిదు నుంచి ఏడు దాకా గ్రౌండ్ అమ్మాయిలది, మగపిల్లలు ఆ మూడు రోజులూ వేరే చోటు చూసుకోవాలి, రెండు లైట్లు కావాలి అని. ఆయన చదివి, "ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిదమ్మా?" అన్నారు, నా మాట నాకే అప్పజెప్పినట్టు. బాధ్యులు అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. పాత సర్క్యులర్ రద్దు చేయమని ఇంకో కాగితం కూడా జత చేశాను. లైట్లకి బడ్జెట్ లేదట. అందుకని ప్రస్తుతానికి పొద్దు గూకేదాకానే. మొన్న పదకొండుమంది వచ్చారు, ఇద్దరు టాంకర్ టైముకి వెళ్ళిపోయారు. పీడీ సారు రిటైరయ్యారు. ఆయన తెచ్చిన బంతి స్టోర్ రూములో దొరికింది. గాలి కొట్టే పంపు కోసం వెతుకుతున్నాం.