‘రిలింక్విష్’ : విడుచుటయందలి భేదములు

ఈ మాసమున మేము విచారింపదలచిన యాంగ్లక్రియ ‘రిలింక్విష్’. ‘వెనుక విడిచిపోవుట’ యను నర్థముగల లాటిను క్రియనుండి ఫ్రెంచిభాష మీదుగా నిది యింగ్లీషున ప్రవేశించినది. యజమానులు విడిచిపోయిన యోడను ‘డెరిలిక్టు’ అనుటయు, మహాత్ముల యవశేషములను ‘రెలిక్కు’లనుటయు నా మూలమువలననే.

విడుచుటకు ఇంగ్లీషున పెక్కు మాటలు గలవు గాని యన్నియు నొకటి కావు. రాజు సింహాసనమును విడిచిన ‘అబ్డికేట్’ అందురు. 1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డు చేసినది యదియే. ఓడి యాయుధముల నప్పగించిన ‘సరెండర్’. కాఫీ మానుకొనినచో ‘గివప్’ చాలును. అచ్చట ‘రిలింక్విష్’ అనిన నవ్వు వచ్చును. చేతనున్న హక్కును, అధికారమును, పదవిని, పట్టును వదలుకొనుటకే యీ మాట తగును. తండ్రి వివాహమునకై దేవవ్రతుడు రాజ్యమును వదలుకొనుట దీనికి చక్కని యుదాహరణము. రాజ్యము తనకు రావలసినదని యాతడెరుగును, ఎరిగియే విడిచెను.

ఈ మాట మన యిండ్లకును వచ్చుచున్నది. ఆడుబిడ్డల సంతకమునకై తెచ్చు హక్కు విడుదల దస్తావేజునకు ఇంగ్లీషున ‘రిలింక్విష్‌మెంట్ డీడు’ అని పేరు. “ఊరక పద్ధతికొఱకు సంతకము పెట్టమ్మా” అందురు. పద్ధతికొఱకే యైనచో స్టాంపు కాగితమేల? రిజిస్ట్రారు కచ్చేరి యేల? హక్కు లేనివారిచేత విడుదల వ్రాయించుకొను నక్కఱ యెవ్వరికి?

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు జన్మహక్కు నిచ్చుచు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి చట్టము అమలయ్యెను. అప్పటికే వివాహితలైనవారికి మాత్రమది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము వివాహితలకును ఆ హక్కు నొసగెను. నాటికి తండ్రి జీవించియుండకున్నను హక్కు చెల్లునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2004 డిసెంబరు 20కి పూర్వము సక్రమముగా జరిగిన పంపకములు మాత్రము చెదరవు.

సంతకము పెట్టవలదని మేమనుట లేదు. అన్నదమ్ముల లేమిని జూచి ప్రేమతో విడుచువారు పెక్కుమంది గలరు, అది త్యాగమే. ఏమి విడుచుచున్నదో తెలియక విడిచినదానిని త్యాగమనుటకు మాకు మనసొప్పదు. కావున కాగితమును చదివించి వినుడు. ఏ సర్వేనంబరు భూమి, ఎంత భాగము, ఎవరి పేరిట విడుచుచున్నారో యడుగుడు. ఒక నకలు మీకడ నుంచుకొనుడు. రిజిస్టరైన పిదప దానిని రద్దు చేయింపగోరినచో కోర్టు గడప త్రొక్కవలసివచ్చును.

వచ్చు మాసమున దీనికి తోబుట్టువగు ‘రిజైన్’ అను క్రియను గూర్చి ముచ్చటించెదము.