ఒక్కో తనిఖీకి ఒక్కో బిల్డ్ ఇవ్వండి

సీ, సీ ప్లస్ ప్లస్‌లలో కోడ్ రాసే మిత్రులకు, టెస్టుల బాధ్యత చూసే టీమ్ లీడ్‌లకు విజ్ఞప్తి.

మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ 2002 నుంచి మన చేతిలో ఉంది. అలాంటి పనే చేసే అడ్రస్ శానిటైజర్ 2012లో క్లాంగ్‌లోకి, మరుసటి ఏడాది జీసీసీలోకి వచ్చింది. ఒకే ప్రోగ్రామ్ మీద ఒకేసారి నడిపితే ఇవి పొసగవు. అడ్రస్ శానిటైజర్ ప్రతి 8 బైట్లకు 1 బైటు చొప్పున లెక్క రాసుకోవడానికి బోలెడంత అడ్రస్ జాగాను ముందే పట్టేసుకుంటుంది, మాలక్ స్థానంలో తన మాలక్ పెడుతుంది. వాల్‌గ్రైండ్ కూడా ఆ మాలక్‌నే తన అదుపులోకి తీసుకుంటుంది. దాంతో టెస్టు కూలిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు రెండింటిలో ఒకదాన్ని ఆపేస్తారు. మా అభ్యంతరమంతా ఈ ఆపేయడం మీదే.

ఎందుకంటే ఒకటి చూసేది మరొకటి చూడదు. విలువ పెట్టకుండానే వాడేసిన వేరియబుల్‌ను వాల్‌గ్రైండ్‌లోని మెమ్‌చెక్ పట్టుకుంటుంది, అడ్రస్ శానిటైజర్ పట్టుకోదు. స్టాక్ మీది అరే హద్దు దాటితే అడ్రస్ శానిటైజర్ అక్కడికక్కడే ఆపుతుంది, మెమ్‌చెక్ చాలాసార్లు గమనించనే గమనించదు. ఏది ఆపినా ఒక జాతి తప్పులకు తలుపు తెరిచినట్టే.

హెచ్చరికల నోరు మూయించాలన్న తొందర ఎక్కడికి దారితీస్తుందో డెబియన్ చూసింది. వాల్‌గ్రైండ్ ఫిర్యాదు చేస్తోందని 2006లో అక్కడి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో కోడ్ తీసేశారు. రాండమ్ సంఖ్యల ఊట దాదాపు ఎండిపోయి, ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. ఆ సంఖ్యలతో తయారైన ఒక్కో రకం, ఒక్కో సైజు ఎన్‌క్రిప్షన్ తాళంచెవికి ఒక్కో తరహా మెషీన్ మీద మహా అయితే 32,768 అవకాశాలు! ఈ సంగతి 2008 మేలో గానీ బయటపడలేదు.

కాబట్టి మేం అడిగేది ఇదీ. అడ్రస్ శానిటైజర్‌కు ఒక బిల్డ్, వాల్‌గ్రైండ్‌కు మామూలు డీబగ్ బిల్డ్, థ్రెడ్ల మధ్య డేటా రేసులు పట్టే థ్రెడ్ శానిటైజర్‌కు ఇంకొకటి పెట్టండి. ఈ చివరిదాన్ని అడ్రస్ శానిటైజర్‌తో కలిపి అడిగితే కంపైలరే ఒప్పుకోదు. మెషీన్ ఖర్చు పెరుగుతుందనే మాట నిజమే. అడ్రస్ శానిటైజర్ వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది కనుక ప్రతి మార్పుకూ నడపండి. పది రెట్లకు పైగా నెమ్మదించే మెమ్‌చెక్‌ను రాత్రికి వదలండి.

పొరపాటున శానిటైజర్ బిల్డ్‌ను వాల్‌గ్రైండ్‌కు ఇస్తే స్క్రిప్టే కారణం చెప్పి ఆగాలి. నడపని టెస్టు ‘పాస్’ ఖాతాలో పడకూడదు, ‘నడపలేదు’ అనే కనిపించాలి. హెచ్చరికను అణచిపెట్టే ప్రతి వరుస పక్కనా కారణం, పెట్టినవారి పేరు ఉండాలి. ఆ రెండూ లేని వరుసలను వచ్చే రిలీజ్‌కు ముందే తీసేసి, టెస్టులు మళ్లీ నడపండి.