ఇల్లు చేరిన తరువాత

ప్రయాణమై పోయేవానికి సలహా చెప్పడానికి వీధికి పదిమంది ఉంటారు. ఏ రైలెక్కాలో, ఎక్కడ భోజనం దొరుకుతుందో, చలికి ఏమి కప్పుకోవాలో అందరూ చెబుతారు. తిరిగి వచ్చినవాడు ఎలా మసలుకోవాలో చెప్పేవాడు మాత్రం కనిపించడు. ఇల్లు చేరడంతోనే యాత్ర ముగిసిందని లోకుల నమ్మకం. యూరపు ఖండంలో ఒక వేసవి అంతా ఒంటరిగా తిరిగి వచ్చిన మీదట నాకు తోచినది వేరు. యాత్రలో కఠినమైన భాగం, విలువైన భాగం కూడా, ఇంటి గడప తొక్కిన తరువాతనే మొదలవుతుంది.

మన దేశపు పౌరునికి షెంగెన్ కూటమి దేశాలలో పర్యాటకునిగా ఉండడానికి 180 రోజులలో 90 రోజులకు మించి వీలులేదు. ఒక వేసవిని గడపడానికి ఆ గడువు చాలు. ఆ మూడు నెలలూ ఒంటరి యాత్రికుణ్ణి పేరుపెట్టి పిలిచేవారు ఉండరు. తిన్నావా అని అడిగేవారూ ఉండరు, ఎక్కడికని నిలదీసేవారూ ఉండరు. జూన్ మాసాంతాన పారిస్ నగరంలో రాత్రి పది కావస్తే గాని ప్రొద్దు క్రుంకదు. ఆ దీర్ఘ సాయంకాలాలలో మనిషి తనతో తానే మాట్లాడుకోవడం నేర్చుకుంటాడు. అటువంటివాడు గడియారాన్ని మూడున్నర గంటలు ముందుకు తిప్పుకొని, ఏడింటికే చీకటిపడే తన ఊరు చేరి అరుగుమీద కూర్చుంటాడు. చుట్టూ బంధుమిత్రులు చేరి, "ఎంత ఖర్చయింది? ఏమి తెచ్చావు? అన్నం దొరికిందా?" అని అడుగుతారు.

ఇంత చూసి వస్తే వీరడిగేది ఇదా అని చిన్నబుచ్చుకునే యాత్రికులు లేకపోలేదు. అది న్యాయం కాదు. ఆ ప్రశ్నలలో ఆప్యాయత ఉన్నది. రేపు తామూ వెళ్లవలసివస్తే ఎలా అనే జాగ్రత్తా ఉన్నది. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి మరుసటి ఏడు తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో, బాట ఎట్లా ఉన్నదో ఓపికతో వ్రాసి మిత్రునికి పంపారు. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినాయి. బియ్యం ధర చెప్పడం తన స్థాయికి తగదని ఆయన అనుకోలేదు. తెలుగువారి యాత్రారచనకు ఇది మంచి పునాది.

అయినప్పటికీ, తిరిగివచ్చినవానిని ఒక వెలితి పట్టి పీడించే మాట నిజమే. జర్మన్ మహాకవి గేథే 1786 సెప్టెంబరులో కార్ల్స్‌బాద్ నుండి స్నేహితులకైనా చెప్పకుండా, మారుపేరుతో ఇటలీకి వెళ్లిపోయాడు. 1788 జూన్‌లో వైమార్ నగరానికి తిరిగివచ్చాడు. తన మాట ఎవరికీ బోధపడటం లేదనీ, మిత్రులు ఓదార్చడానికి బదులు నిరాశకు గురిచేశారనీ ఆనక వ్రాసుకున్నాడు. అంతకు ఒక శతాబ్దం ముందు, 1688లో, బాసెల్ నగరంలో యోహాన్నెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి పరాయిచోట ఉన్నవారికి పట్టే ఇంటిబెంగను ఒక వ్యాధిగా వర్ణించాడు. 'తిరిగిరాక', 'నొప్పి' అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను జతచేసి దానికి 'నోస్టాల్జియా' అని పేరుపెట్టాడు. ఇల్లు చేరినవానికి పట్టే బెంగకు ఆయన పేరుపెట్టలేదు గాని, గేథేకు పట్టినది అదే.

ఈ బెంగ ముదిరితే రెండు రూపాలు ధరిస్తుంది. ఒకటి డాబు, రెండవది నింద. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండు సంపన్న యువకులు చదువుకు ముక్తాయింపుగా ఫ్రాన్సు, ఇటలీ దేశాలు తిరిగి రావడం ఆచారం. అక్కడి వేషభాషలను అతిగా అనుకరిస్తూ వచ్చినవారిని 1760, 1770 దశకాలలో స్వదేశంలోనే 'మాకరోనీ'లని ఎగతాళి చేశారు. అది ఇటలీవారి ఒక వంటకం పేరు. నేటి మన మాకరోనీకి వేషం అక్కరలేదు. "అక్కడ ఇలా కాదండీ" అనే ఒక్క వాక్యం చాలు. బస్సు ఆలస్యమైనా అదే మాట, వీధిలో చెత్త కనిపించినా అదే మాట. ఆ మాట విన్నవాడు చెత్త ఎత్తడు. చెప్పినవానికి దూరంగా జరుగుతాడు.

అసలు "అక్కడ" ఉన్నదేమిటి? ఫ్రాన్సు సరిహద్దులోని స్ట్రాస్‌బర్గ్ నగరం 1871లో జర్మనీ వశమైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగియగానే ఫ్రాన్సుకు దక్కింది. 1940లో మళ్లీ జర్మనీ చేతచిక్కి, 1944లో తిరిగి విముక్తి పొందింది. ఒకే మనిషి కదలకుండా తన ఇంట్లోనే ఉండి నాలుగుమార్లు దేశం మారిన ఊరు అది. 2017 నుండి అక్కడి ట్రామ్ రైను నది దాటి జర్మనీలోని కేల్ పట్టణానికి పోతున్నది. సరిహద్దు తనిఖీలు అప్పుడప్పుడు మళ్లీ తలెత్తుతున్నా, సంచి పట్టుకొని సరుకులకు ఆవలి ఒడ్డుకు పోయివచ్చేవారిని నేను ఆ ట్రామ్‌లో చూశాను. వార్సా నగరంలోని పాతబస్తీని 1944లో జర్మన్ సేనలు నేలమట్టం చేశాయి. పోలండు ప్రజలు దానిని తిరిగి కట్టేటప్పుడు పద్ధెనిమిదవ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో గీసిన నగరచిత్రాలను కూడా ఆధారంగా తీసుకున్నారు. బెర్లిన్ కాలిబాటలలో అరచేయి పాటి ఇత్తడి ఫలకాలు కనిపిస్తాయి. నాజీల చేత బలియైనవారు నివసించిన ఇళ్ల ముందు, వారి పేరు, పుట్టిన సంవత్సరం, పొందిన గతి చెక్కి, 1990లలో గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు ఈ పని ప్రారంభించాడు. ఆ అక్షరాలు చదవాలంటే తలవంచక తప్పదు.

వీటిని చూసినవాడు ఇంటికి వచ్చి ఏమని చెప్పాలి? యూరపువారు పుట్టుకతోనే మనకంటె మెరుగని చెబితే అది అసత్యం. అరవై లక్షల మంది యూదులను చంపినదీ, వార్సాను కాల్చినదీ ఆ ఖండమే. అక్కడి రాజప్రాసాదాల వెనుక, మ్యూజియాల వెనుక వలసదేశాల సొమ్ము ఉన్న సంగతి మనకు తెలియనిది కాదు. వారి దగ్గర నేర్చుకోవలసినదేమీ లేదని చెబితే అదీ అసత్యమే. తాము చేసిన పాపాన్ని కాలిబాట మీద వ్రాసుకోవడం, కూలిన గోడను పాత బొమ్మ చూసి నిలబెట్టుకోవడం సులువైన పనులు కావు. ఈ రెండు సత్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పగలిగినవాడే యాత్ర చేసినవాడు.

చెప్పవలసిన బాధ్యత ఎందుకంత బరువైనదంటే, వెళ్లలేనివారు ఎందరో ఉన్నారు. 2018 నుండి యూరోపియన్ యూనియన్ పద్ధెనిమిదేళ్ల యువతీయువకులలో వేలాదిమందికి ఖండమంతా తిరగడానికి ఉచిత ప్రయాణపు పాసులు ఇస్తున్నది. మన పల్లెటూరి బడిలో చదువుకునే పిల్లకు అటువంటి పాసు లేదు. వీసా కోసం బ్యాంకులో నిలువ చూపించగల తండ్రీ లేడు. యాత్రికుడు వచ్చి, అది చూడని జన్మ వృథా అన్న ధోరణిలో మాట్లాడితే, ఆ పిల్ల తన ఊరినీ తననూ కూడా తక్కువగా తలచడం నేర్చుకుంటుంది. యాత్రికుడు చేసే అపకారాలలో ఇంతకు మించినది లేదు.

చూపు టిక్కెట్టుతో రాదు. కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1756 నుండి నలభై ఏళ్లపాటు భౌతిక భూగోళాన్ని బోధించిన తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ తూర్పు ప్రష్యా ఎల్లలు దాటి ఎరుగడు. అటువంటప్పుడు యాత్ర ఎందుకని విద్యార్థి అడగవచ్చు. ఒంటరి యాత్ర ఇచ్చేది ఒక్కటే: పరాయివాని కన్ను. తెలియని ఊరిలో మనం ప్రతి ఫలకమూ చదువుతాము, ప్రతి వంతెన వయసూ అడుగుతాము. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిదనీ వాటి ప్రక్కనుండి నిత్యం నడిచిపోయేవారిలో ఎందరికి తెలుసు? ఆ పరాయి కన్నును సరిహద్దు దగ్గరే వదలక ఇంటిదాకా తెచ్చుకోవడమే తిరిగిరావడంలోని పని.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బడులు తెరవగానే "వేసవి సెలవులు ఎట్లా గడిపారు?" అని వ్యాసం వ్రాయించడం మన అలవాటు. ఊరు కదలని పిల్లలు ఆనాడు కలం కొరుకుతూ కూర్చుంటారు. ఈసారి ప్రశ్న మార్చి చూడండి. "నీవు ఈ ఊరికి ఈరోజే తొలిసారి వచ్చిన బాటసారివి, బస్సు దిగిన చోటి నుండి బడిదాకా ఏమేమి చూశావు?" అని అడగండి. చెరువు ఎవరు తవ్వించారో, ఏ వీధికి ఆ పేరు ఎందుకు వచ్చిందో, ఏ ఇల్లు ఎందుకు పాడుబడిందో పెద్దలను అడిగి వ్రాయమనండి. విదేశం వెళ్లివచ్చినవారు ఊరిలో ఉంటే వారినీ తరగతికి పిలవండి. వారు చూసినది చెప్పిన తరువాత, పిల్లలు వ్రాసినది వారిచేత కూర్చోబెట్టి చదివించండి.