బండి కింద దూరే ముందు



ఈ వారం మీతో బండి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కాపరికి బండి రిపేరుతో ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. మన ఊళ్లలో బొలెరో, సుమో, స్కార్పియో ఒక ఇంటి బండి కావు. అవి ఊరందరి బండ్లు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లేది అదే బండి. పెళ్లికి, సభలకు, చావు కబురు వస్తే పొరుగూరికి వెళ్లేదీ అదే. ఏడుగురు కూర్చోవాల్సిన చోట పదకొండు మంది ఎక్కుతారు. అలాంటి బండికి ముందు చక్రాలు సరిగ్గా ఉన్నాయా లేదా అనేది ఆ ఇంటి సొంత విషయం కాదు.

ఈ మధ్య మన కుర్రాళ్లు చాలామంది ఫోనులో వీడియోలు చూసి ఇంటి ముందే జాకీ వేసి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, షాకబ్జర్లు మార్చేస్తున్నారు. దీని మీద మన మధ్య రెండు మాటలు వినబడుతున్నాయి. "ఇదేమి బ్రహ్మవిద్యా, నాలుగు నట్లు విప్పి నాలుగు బిగించడమేగా" అనేది ఒకటి. "స్టీరింగు జోలికి పోవద్దు, అంతా మెకానిక్కే చూసుకుంటాడు" అనేది రెండోది. ఈ రెండూ ప్రమాదకరమే అని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా రెండో మాట చూద్దాం. అంతా మెకానిక్ చూసుకుంటాడు అనుకునే ఇంటి యజమాని ఏమి చేస్తాడు? బండి ఆగిపోయేదాకా మెకానిక్ దగ్గరికే వెళ్లడు. ఇంజను పాడైతే బండి ఆగుతుంది కాబట్టి వెళ్లక తప్పదు. ముందు చక్రాల కీళ్లు అలా కాదు. అరిగిపోతూనే నడుస్తాయి. గుంటలో పడ్డప్పుడు "టక్" మంటుంది. స్టీరింగు కొంచెం ఆట ఇస్తుంది. టైరు ఒక పక్కనే అరుగుతుంది. "పాత బండి కదా" అని సర్దుకుపోతాం. ఒక రోజు వంపు దగ్గర ఆ జాయింటు గిన్నెలోంచి గుండు ఊడి బయటికి వస్తుంది. చక్రం బయటికి వాలిపోతుంది. అప్పుడు డ్రైవరు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది ఏమీ ఉండదు.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం తెచ్చే లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడపడం, నడపనివ్వడం రెండూ నేరమే. తెలిసిన లోపం అయితేనే కాదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసే లోపం అయినా సరే. "నాకు తెలియదండీ" అంటే చెల్లదు. చూడాల్సిన బాధ్యత యజమానిదే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టించమన్న ఆజ్ఞ మీకు గుర్తుండే ఉంటుంది. పైనుంచి పడేది ఎవరైనా, బాధ్యత ఇల్లు కట్టినవాడిదే.

కాబట్టి నేను చెప్పే మొదటి మాట: చూడటం ఇంటి దగ్గరే నేర్చుకోండి. దానికి డబ్బు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, అరగంట సమయం చాలు.

ముందు చక్రం నేలకు ఆనకుండా లేపి, గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. లూజుగా ఆడితే సాధారణంగా స్టీరింగు వైపు లోపం, అంటే టై రాడ్ ఎండ్‌లో గాని, దాని వెనుక ఉన్న కీళ్లలో గాని ఉంటుంది. రెండో మనిషి టార్చి లైటు వేసి ఏ కీలు దగ్గర కదులుతోందో చూడాలి. తర్వాత 12, 6 అంకెల చోట పట్టుకుని ఊపండి. అక్కడ లూజు ఉంటే వీల్ బేరింగ్ కావచ్చు, బాల్ జాయింట్ కావచ్చు. ఏదో తేల్చడానికి ఒక సులువు ఉంది. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. లూజు పోతే బేరింగ్ వైపు, అలాగే ఉంటే బాల్ జాయింట్ వైపు చూడాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండ్లలో జాకీని చాసిస్ కింద పెట్టి లేపితే, స్ప్రింగు ఆ ఆర్మ్‌ను కిందికి నెట్టి జాయింటును బిగబట్టి ఉంచుతుంది. అరిగిపోయిన జాయింటు కూడా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. జాకీని కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టి లేపితే ఆ భారం తొలగి అసలు లూజు బయటపడుతుంది. "చూశాను, బాగానే ఉంది" అనే మాట జాకీ ఎక్కడ పెట్టారనే దాని మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

టైర్లు కూడా చెబుతాయి. లోపలి అంచు గాని బయటి అంచు గాని ఒక్కటే నున్నగా అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. చెయ్యి పెట్టి రాస్తే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టో తప్పింది. అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు పడితే షాకబ్జర్లను అనుమానించండి. జాయింట్ల మీద రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. చిరిగిన తొడుగులోంచి గ్రీజు పోతుంది, ఇసుక, నీళ్లు లోపలికి పోతాయి. ఆ తర్వాత ఆ కీలు ఎక్కువ కాలం నిలవదు.

ఇక "నాలుగు నట్లు" అనే మాట సంగతి. మన కుర్రాళ్ల చేతిపని అంటే నాకు గౌరవమే. పానా పట్టుకోవడం వచ్చిన పిల్లాడు ఏ ఊళ్లో అయినా బ్రతుకుతాడు. చేతికి గ్రీజు అంటడం నామోషీ అనుకునే చదువు మనకు వద్దు. కాని ఈ పని అంతా ఒక్కలాంటిది కాదు. అందులో మూడు రకాలు ఉన్నాయి. వాటిని విడదీసి చూడాలని నా మనవి.

మొదటిది, ఇంటి దగ్గర చేసుకోగలిగిన పని. షాకబ్జరు స్ప్రింగు నుంచి విడిగా ఉండే బండ్లలో దాన్ని మార్చడం, స్టెబిలైజర్ బారు రబ్బర్లు, లింకులు మార్చడం, గ్రీజు నిపుల్స్ ఉంటే గ్రీజు కొట్టడం. షాకబ్జర్లను ఒక పక్కదే కాకుండా రెండు పక్కలా కలిపి మార్చండి. ఇవి ఓపికతో చేస్తే చాలు.

రెండవది, తెలిసినవారు పక్కన ఉంటేనే చేయాల్సిన పని. టై రాడ్ ఎండ్ మార్చడం ఇందులోకి వస్తుంది. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. అప్పుడు చక్రం సుమారుగా పాత స్థానంలోనే ఉంటుంది. అయితే సుమారుగా అనేది చాలదు. అలైన్‌మెంట్ చేయించేదాకా పని పూర్తి కానట్టే. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి గాని, వెనక్కి వదులు చేయకూడదు. పాత పిన్నును వంకర తీసి మళ్లీ వాడకూడదు, దాని స్థానంలో మేకు ముక్క పెట్టకూడదు. కొద్ది రూపాయల పిన్ను అది. దానికి వెనకాడి మనుషుల ప్రాణాలు పణంగా పెడతామా?

ఆర్మ్ బుష్‌లు కూడా ఈ రకమే. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు చివరి బిగింపు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే లోపలి రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. కొన్నాళ్లకే చిరుగుతుంది. అప్పుడు "డూప్లికేట్ సామాను ఇచ్చాడు" అని షాపువాడిని తిడతాం. బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే ఆ బోల్టులను చివరిగా బిగించాలి.

మూడవది, ఇంటి దగ్గర ముట్టుకోకూడని పని. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగును విప్పడం అన్నిటికంటే ముందు ఇందులోకి వస్తుంది. బండి ముందు బరువు మోసే ఆ స్ప్రింగులో వందల కిలోల బలం దాగి ఉంటుంది. కింది ఆర్మ్‌కు జాకీ ఆనించకుండా బాల్ జాయింట్ విప్పితే ఆ ఆర్మ్ ఒక్కసారిగా కిందికి కొడుతుంది. ఎదుట చెయ్యి ఉంటే చెయ్యి, తల ఉంటే తల. క్రెటా లాంటి స్ట్రట్ ఉన్న బండ్లలో పైన మధ్యలో ఉండే నట్టును, స్ప్రింగును బిగించి పట్టే సరైన సాధనం లేకుండా ఎన్నడూ విప్పకూడదు. తాళ్లతో కట్టి, తీగ చుట్టి విప్పే వీడియోలు ఉన్నాయి. అలా చేసి క్షేమంగా బయటపడ్డవాడే వీడియో పెడతాడు. దెబ్బ తిన్నవాడు పెట్టడు.

స్టీరింగు బాక్సు, స్టీరింగు షాఫ్టు పనులు కూడా ఈ మూడో రకమే. 2019 జూలై నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి చేశారు. అలాంటి బండిలో షాఫ్టు విడదీశాక స్టీరింగును ఇష్టం వచ్చినట్టు తిప్పితే, దాని లోపల చుట్టగా ఉండే పలుచని వైరు తెగిపోతుంది. బండి మామూలుగానే నడుస్తుంది. గుద్దుకున్న రోజున బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

ఈ మూడు రకాలకూ ముందు ఒక షరతు ఉంది. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కింద ఎవరూ దూరకూడదు. ఖాళీ బండే టన్నున్నర బరువు. జాకీలోని సీలు ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలియదు. జాకీ లేపడానికే. నిలపడానికి ఇనుప స్టాండ్లు కావాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెడుతున్నారు. అవి వంగవు, హెచ్చరించవు, ఒక్కసారే పగులుతాయి. నల్లరేగడి నేల మీద వాన పడ్డాక జాకీ నిలువునా దిగబడుతుంది. గట్టి నేల చూసుకోండి, వెనుక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి, హ్యాండ్ బ్రేకు వేయండి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి. స్టాండ్లు లేని ఇంట్లో ఈ పని మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. నలుగురు కలిసి ఒక జత కొనుక్కుంటే ఊరంతటికీ పనికొస్తుంది.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి వస్తుంది. "అయ్యగారూ, మాకు మంచి షెడ్డు నలభై కిలోమీటర్ల దూరం. జాయింటు ఊడేలా ఉన్న బండిని అంత దూరం నడిపించుకుంటూ వెళ్లడం ఇంకా ప్రమాదం కదా?" అవును, ప్రమాదమే. అందుకే ఇంటి దగ్గర పని చేయడమే తప్పు అని నేను అనను. అలాంటప్పుడు మెకానిక్‌నే సామానుతో ఇంటికి పిలిపించండి. లేదా బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపండి. కిరాయి దండగ అనిపించవచ్చు. బండిలో మనిషిని ఎక్కించుకోకుండా నెమ్మదిగా పోతాను అనేవారు, ఎదురుగా స్కూటరు మీద వచ్చే మనిషిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

మెకానిక్ షెడ్డుకు ఇచ్చినా కళ్లు మూసుకోవద్దు. తీసిన పాత సామాను అడిగి తీసుకోండి. కొత్త పిన్ను వేశారో లేదో వంగి చూడండి. అలైన్‌మెంట్ కాగితం అడగండి. మంచి పనివాడు దీనికి కోపగించుకోడు, సంతోషిస్తాడు. చక్రాల నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూడాలి. ఈ ఒక్కటీ ఇంటి దగ్గర మీరే చేయవలసిన పని, ఎవరు రిపేరు చేసినా సరే.

చివరిగా నేను అడిగేది ఒకటుంది. ఇంటి దగ్గర స్టీరింగు వైపు ఏ కీలు విప్పినా, విప్పినవాడు కాక వేరొకరు ఆ నట్టూ పిన్నూ చూసేదాకా ఆ బండిలో ఇతరులను ఎక్కించుకోకండి. మన పని మన కంటికి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. రెండో కన్ను కావాలి. ఇది చేతకానితనం కాదు. మన మీద నమ్మకంతో వెనుక సీట్లో నిద్రపోయే తల్లికి, ఆమె ఒడిలో బిడ్డకు మనం ఇచ్చే గౌరవం.

ఈ నెలలో పెళ్లిళ్ల ప్రయాణాలు ఉన్నాయి. బయలుదేరే ముందు రోజు పగటి వెలుగులో చక్రం పట్టుకుని ఊపి చూడండి. లూజు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, లేదా బస్సెక్కండి. పెళ్లివారు ఏమీ అనుకోరు.

మీ క్షేమము కోరే
మీ సంఘ కాపరి