బరువు తక్కువే... చెయ్యెందుకు లాగుతోంది?

ప్రశ్న: మా వారు పోలీసు శాఖలో బాంబు తనిఖీ బృందంలో పని చేస్తారు. వయసు 41. సభలు, వీఐపీల పర్యటనలు ఉన్నప్పుడు పొడవాటి మెటల్ డిటెక్టర్ పట్టుకుని గంటల తరబడి రోడ్ల పక్కన, కల్వర్టుల దగ్గర నేలంతా గాలిస్తారు. అది మూడు కిలోలు కూడా ఉండదట. అయినా ఇంటికొచ్చేసరికి కుడి మోచెయ్యి, భుజం లాగేస్తున్నాయంటారు. పొద్దున లేచేటప్పుడు నడుం పట్టేస్తోంది. మొన్న పాపను ఎత్తుకోబోయి మధ్యలోనే దించేశారు. ఏం చేయాలి?
- ఒక సోదరి, విజయనగరం

జవాబు: మూడు కిలోలకే ఇంత నొప్పేమిటని మీకు అనిపించడం సహజం. నిండు బిందెను చంకన పెట్టుకుని వీధి చివరి నుంచి నడిచి రాగలం. అదే చెయ్యి ముందుకు చాపి చెంబెడు నీళ్లు పట్టుకోమంటే అయిదు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఒంటికి ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం.

మోచేతిని మడిచి ఉంచే కండరం కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను పట్టుకుని ఉంటుంది. అరచేతిలోని బరువేమో దాదాపు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే రెండు కిలోల వస్తువును పట్టుకున్నా ఆ కండరం సుమారు 15 కిలోల బలం పెట్టాలి. డిటెక్టర్‌లో పళ్లెంలాంటి కాయిల్ ఇంకా ముందు, కడ్డీ చివర ఉంటుంది. దాన్ని రోజంతా అటూ ఇటూ ఊపుతుంటే మణికట్టు, మోచెయ్యి, భుజం ఒకదాని తర్వాత ఒకటి అలిసిపోతాయి. చివరికి నడుం ఒక పక్కకు ఒరిగి ఆ భారం మోస్తుంది.

మీ వారిని ముందుగా కడ్డీ పొడవు చూసుకోమనండి. నిటారుగా నిలబడి, భుజం వదులుగా ఉంచి, మోచెయ్యి కొద్దిగా వంచితే కాయిల్ పాదాలకు కాస్త ముందు నేలకు సమాంతరంగా ఉండాలి. కడ్డీ పొట్టిదైతే నడుం వంగుతుంది. మరీ పొడవైతే కాయిల్ దూరం జరిగి బరువు పెరుగుతుంది. ముంజేతిని ఆనించే దోనె మోచేతికి కొంచెం కింద ఉండి, పట్టీ బిగువుగా ఉండాలి. అప్పుడు పిడిని గట్టిగా నొక్కి పట్టుకోనక్కర్లేదు.

రెండోది, బరువును చేతి నుంచి తప్పించడం. కొన్ని రకాల్లో బ్యాటరీ పెట్టెను విడదీసి నడుం బెల్టుకు తగిలించుకోవచ్చు. రెండు భుజాల మీదుగా వచ్చి నడుముకు బిగిసే పట్టీలకు సాగే తాడుతో డిటెక్టర్‌ను వేలాడదీసే పద్ధతీ ఉంది. ఆస్ట్రేలియాలో బంగారు ముక్కల కోసం బరువైన డిటెక్టర్లతో తిరిగేవారు ఇలాగే చేస్తారు. ఒక్క భుజానికే తగిలించుకుంటే మాత్రం నొప్పి మెడకు పాకుతుంది. పట్టీల ఇనుప బకిళ్లు కాయిల్ దగ్గరకొస్తే యంత్రం ఊరికే మోగుతుంది. కాబట్టి ఏ మార్పయినా పై అధికారికి చెప్పాకే చేయాలి.

మూడోది, ఊపే తీరు. మణికట్టుతో విసరకూడదు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి, పాదాలు కదుపుతూ ఒళ్లంతా తిప్పాలి. వెడల్పు తగ్గించి చిన్న చిన్నగా ఊపాలి. అనుమానం వచ్చిన చోట నడుం వంచకుండా మోకాలి మీద కూర్చుని చూడాలి.

ఇక విశ్రాంతి. చెయ్యి అలిసేకొద్దీ ఊపు చివర్లో కాయిల్ తెలియకుండానే పైకి లేస్తుంది. నేలకు దూరమైన కాయిల్ లోపలున్నదాన్ని పసిగట్టలేకపోవచ్చు. ఆ పనిలో పొరపాటు ఎంత ఖరీదో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే మందుపాతరలు వెతికే బృందాల్లో కొంతసేపు పని, తర్వాత విరామం అన్న పద్ధతి పాటిస్తారు. ఇరవై నిమిషాలకోసారి తోటివారికి అందించడమో, వీలైతే చెయ్యి మార్చడమో చేయమనండి. అది బద్ధకం కాదు, డ్యూటీలో భాగమే.

ఇంటికొచ్చాక చెయ్యి ముందుకు చాపి, రెండో చేత్తో అరచేతిని నెమ్మదిగా కిందికి, తర్వాత పైకి వంచి 20 సెకన్ల చొప్పున మూడుసార్లు ఆపాలి. భుజాల వెనక ఎముకలను దగ్గరకు లాగి వదలడం పదిసార్లు చేయాలి. నొప్పి పెరిగితే ఆపేయాలి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, నొప్పి కాలిలోకి దిగినా ఎముకల డాక్టరుకు చూపించండి. మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి తగ్గేదాకా పాపను నేల మీది నుంచి వంగి ఎత్తవద్దనండి. ఆయన కుర్చీలో కూర్చుంటే పాపే ఎక్కి ఒళ్లో కూర్చుంటుంది.